ఆంటీ ఫోనూ, నా సొంత కాళ్ళూ

ఉపన్యాసం ఇమ్మంటే నేను కాదనను. సింగపూర్‌కి కొత్తగా వచ్చిన మన పిల్లలకు నాలుగు ధైర్యం మాటలు చెప్పాలని ఒక శనివారం మధ్యాహ్నం చోవా చూ కాంగ్‌లో తెలుగువాళ్ళం సమావేశం పెట్టుకున్నాం. వక్తను నేనే. నా కథ నాకు కంఠతా వచ్చు. వైటూకే రోజుల్లో ఒక్క సూట్‌కేసుతో దిగాను, ఎవరి సాయమూ లేకుండా సొంత కాళ్ళ మీద నిలబడ్డాను, ఇవాళ ఇంతవాణ్ణయ్యాను. "ఇంతవాణ్ణి" దగ్గర కాస్త ఆగుతాను, చప్పట్ల కోసం. మా అమ్మాయైతే ఆ మాట రాకముందే చెవులు మూసుకుంటుంది.

ఆ రోజు ముందు వరసలో ఆంటీ కూర్చుని ఉంది. మేం బ్రహ్మచారులుగా కాపురం పెట్టినప్పుడు పక్క ఫ్లాట్‌లో ఉన్న హైదరాబాదీ ఆంటీ. బిర్యానీ ఆవిడే చేసి తెచ్చింది. నా ఉపన్యాసం ఆవిడ వినడం అదే మొదటిసారి. "ఎవరి సాయమూ లేకుండా" అంటూ అటు చూశాను. ఆవిడ కోపగించుకున్నా బాగుండేది. పక్కావిణ్ణి మోచేత్తో పొడిచి నన్ను చూపిస్తూ, కన్నకొడుక్కి ఫస్టు ర్యాంకు వచ్చినంత సంబరంగా తలాడిస్తోంది. తరవాతి వాక్యం మరిచిపోయాను. మరిచిపోయాను కాబట్టి నిజం చెప్పాల్సి వచ్చింది.

నిజం ఇది. ఆ ఫ్లాట్‌లో మేం ఏడుగురం ఉండేవాళ్ళం. అందరం విజిటర్ పాసు మీద వచ్చి ఉద్యోగాలు వెతుక్కుంటున్నవాళ్ళమే. రెజ్యూమే మీద సింగపూర్ నంబరు లేకపోతే ఎవడూ ఫోన్ చేయడు. మాకు ఫోను లేదు. ఆంటీ ఇంట్లో ఉంది. ఏడుగురమూ అదే నంబరు వేసేశాం. ఏడు రెజ్యూమేలు ఒకే ఆఫీసుకు వెళితే చూసేవాడు ఏమనుకుంటాడన్న ఆలోచన, ఇంజినీరింగ్ చదివిన ఏడు బుర్రల్లో ఒక్కదానికీ రాలేదు.

మా పేర్లకు ఆంటీకి నోరు తిరిగేది కాదు. ఫోను పక్కన ఒక నోటుపుస్తకంలో మా పేర్ల ఎదుట మా కంప్యూటర్ చదువులు రాసుకుని, వాటితోనే పిలిచేది. ఒకడు జావా బేటా, ఒకడు ఒరాకిల్ బేటా. కోబాల్ వచ్చినవాళ్ళం ఇద్దరం. నేను చిన్న కోబాల్, అనంతపురం నుంచి వచ్చిన స్నేహితుడు పెద్ద కోబాల్. వయసును బట్టి కాదు, వాడికి నాకంటే బాగా వచ్చని ఇల్లంతటికీ తెలుసు. నా ప్రోగ్రాములు సగం వాడే సరిదిద్దేవాడు.

అద్దెలో వాటా ఇచ్చుకోలేని రోజుల్లో వాడు వంటా, మార్కెట్టూ నెత్తిన వేసుకున్నాడు. నా వాటా మా నాన్న పంపేవాడు. ఇరిగేషన్ శాఖలో ఇంజినీరాయన. కాబట్టి నేను నిశ్చింతగా పదింటిదాకా పడుకునేవాణ్ణి. ఒక రోజు అలాగే లేచి, టీ కోసం ఆంటీ ఇంటికి వెళ్ళాను. అప్పుడే ఫోను పెట్టేసిన ఆంటీ, రెండింటికల్లా సైన్స్ పార్క్‌లో ఇంటర్వ్యూకు ఉండాలంటూ నన్ను తొందరపెట్టింది. అంకుల్ టై తెచ్చి నా మెడకు తనే కట్టింది. నేను టాక్సీ ఎక్కాను, నాన్న డబ్బుతోనే. నా పాసుకు ఇంకా రెండు రోజులే గడువుంది. ఆ సాయంత్రానికి ఉద్యోగం నాది.

హాలంతా నవ్వులు. నాకూ హుషారొచ్చింది. "హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్ పెట్టి కుర్చీ చోప్ చేసినట్టు, ఆంటీ నాకు ఉద్యోగం చోప్ చేసి పెట్టింది!" అన్నాను. ఇక్కడి భోజనశాలల్లో ముందే సీటు పట్టి ఉంచుకోవడాన్ని చోప్ అంటారు. ఉన్న నిజమంతా చెప్పేశానన్న తృప్తితో కూర్చోబోయాను.

ఆంటీ లేచి నిలబడింది. "అరే, గట్ల గాదు బేటా," అంది, మైకు అక్కర్లేని గొంతుతో. "ఆ ఫోను నీకు రాలే. పెద్ద కోబాల్‌కి వచ్చింది. ఫోన్ జేసినోడు వాని పేరే అడిగిండు. గా పిలగాడు మీ అందరికి కూరగాయలు తేనీకి టెక్కా మార్కెట్‌కి పోయిండాయె. రెండింటికల్లా ఎవరొస్తరో వాళ్ళకే నౌకరీ అన్నడు. నువ్వు అప్పుడే లేచొచ్చినవ్. ఇంకొకడున్నడు, పంపిస్త అన్న. ఏం జేయాలె మరి?"

జనం ఇంకా గట్టిగా నవ్వారు. ఆవిడకు ఇందులో దాచవలసింది ఏదీ కనిపించలేదు, దాచలేదు కూడా. నేనూ పళ్ళికిలించాను. కానీ నా చూపు చివరి వరసలోకి వెళ్ళింది. పెద్ద కోబాల్ అక్కడే ఉన్నాడు. వుడ్‌ల్యాండ్స్ నుంచి ప్రతి సమావేశానికీ వస్తాడు, నా ఉపన్యాసం ఎన్నోసారైనా వింటాడు, ప్రతిసారీ అందరికంటే ముందు చప్పట్లు కొడతాడు. ఆ ఫోను వచ్చిన మూడు వారాలకు వాడి పాసు అయిపోయింది. ఇంటికి వెళ్ళి, ఏడాది తరవాత మళ్ళీ వచ్చి, నాకంటే రెండు మెట్లు కింది ఉద్యోగంలో చేరాడు. పాపం, అదృష్టం లేదు అని నేను వాడి మీద జాలిపడేవాణ్ణి. ఇంకా కష్టపడాలి రా అని సలహాలు కూడా ఇచ్చాను. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

భోజనాల దగ్గర వాణ్ణి పట్టుకున్నాను. ఇరవై ఏళ్ళ స్నేహం ఈ పూటతో సరి అనుకున్నాను.

"నీకు తెలుసా?" అన్నాను.

"ఆ దినమే తెలుసప్పా. మార్కెట్ నుంచి వస్తానే ఆంటీ చెప్పింది."

"ఆ రాత్రి నాకు పాయసం చేసి పెట్టావు కదరా!"

"ఉద్యోగం వచ్చినోనికి పాయసం చేయకపోతే ఎట్ల?"

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

వాడు బిర్యానీలోంచి ఏలక్కాయ ఏరి పక్కన పెట్టాడు. "చెప్తే ఏం చేస్తుంటివి? పోయి ఆ ఉద్యోగం నాకిచ్చి వస్తుంటివా?"

ఇచ్చి ఉండేవాణ్ణని చెప్పడానికి నోరు తెరిచాను. వాడి ముఖం చూస్తే అబద్ధం బయటికి రాలేదు. "లేదురా," అన్నాను.

"తెలుసు. ఇయ్యకుండా, నా మొగం చూడలేక ఇల్లు మారిపోతుంటివి. ఉద్యోగం ఎట్లాగూ పాయె, నువ్వు గూడా పోతే ఎట్లప్పా అని ఊరకుంటిని."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. బిర్యానీ నోట్లో పెట్టుకుని పొలమారాను. వాడు నా నెత్తి మీద గట్టిగా తట్టి, నీళ్ళు తేవడానికి వెళ్ళాడు.