మామగారి వైఫైకి దొరకని కథలు

మా మామగారికి రెండు పనులంటే ప్రాణం. పొద్దున తోటలో దింపిన కొబ్బరికాయలను తట్టి చూడడం, సాయంత్రం కాఫీ తాగుతూ ఇంటి వైఫైలో ఎవరి ఫోను ఏ సైటు చూసిందో వసారాలో అందరి ముందూ చదవడం.

"చీరల కడని ఇంతసేపు ఎవురు చూస్తా ఉండింది?" అనేవారు. చీరల దుకాణం సైటు చూసిన మా ఆడపడుచు తల వంచుకునేది. మిగతా ఇల్లంతా నవ్వేది.

నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. పేరు చెప్పకుండా ఒక చిన్న యాప్‌లో కథలు చెబుతుండేదాన్ని. ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ లేని యాప్ అది, ఎవరి సర్వరు వాళ్ళదే. తమిళనాడులోని కినత్తుకడవులో మేమంతా ఇంట్లో తెలుగు మాట్లాడినా తమిళంలో చదువుకున్నవాళ్ళం, తెలుగు రాయడం రాదు. అందుకే నోటితో చెప్పి రికార్డు పెట్టేదాన్ని. అన్ని కథల్లోనూ ఒకే పెద్దమనిషి: కోడలు తాళింపు వేస్తే వసారాలోంచే వంక పెట్టే మామ. అది ఆయన చెవిన పడితే కథలు ఆగిపోతాయి, నా మొహం ఎక్కడ పెట్టుకోను?

ఇంతలో ఆ యాప్‌లో కొత్త ఏర్పాటు వచ్చింది. మనం ఏమీ నొక్కక్కర్లేదు, మన మాటను దానంతటదే ముగ్గురు పరాయివాళ్ళ కంప్యూటర్ల మీదుగా తిప్పి పంపుతుంది, అది ఎటు పోయిందో ఇంటి వైఫైకి తెలియదు. ఆ సాయంత్రం మామగారు అందరివీ చదువుతూ నా ఫోను వంతు రాగానే ఆగారు.

"ఇదేందిమ్మా, నీ దాంట్లో ఉత్త నెంబర్లే ఉండాయి?"

"తెలీదు మామా," అన్నాను. అంత హాయిగా నేనెప్పుడూ అబద్ధం ఆడలేదు.

ఇక రెచ్చిపోయాను. మామ కొబ్బరికాయను మూడుసార్లు తట్టి, చెవి దగ్గర పెట్టుకుని తీర్పు చెప్పే కథ పెట్టాను. నాకు పేరులేని శ్రోత ఒకరున్నారు. ప్రతి కథ కిందా తమిళ అక్షరాల్లో మన మాటే రాసి, "ఇంగొగటి చెప్పు" అనేవారు. ఈసారి ఇలా వచ్చింది: "కత బాగుండాది. అయితే ఆయప్ప మూడుతూర్లు తట్టడు. రెండే."

మర్నాడు తోటకెళ్ళి చూశాను. రెండే.

ఆ శ్రోత ఎవరో గాని, ఈ తోటను చూసినవారే. సాయంత్రం మామగారు అందరివీ చదివి, నా ఫోను ఒక్కటే వదిలేశారు. ఖాళీ గ్లాసు నా చేతికిస్తూ, "మా అమ్మ పోయినాక ఈ ఇంట్లో మన మాటలో కత చెప్పినోళ్ళు ఎవురూ లేరు," అన్నారు, ఎటో చూస్తూ.

ఆ కథను రెండుసార్లని దిద్ది మళ్ళీ పెట్టాను. నా గది నుంచి వసారాకు పది అడుగులు. కథ మాత్రం ముగ్గురు పరాయివాళ్ళను చుట్టుకుని వెళ్ళింది. కాసేపటికి వసారాలో మామగారు గట్టిగా నవ్వడం వినిపించింది. నా మాటకి ఆయన నవ్వగా వినడం నాకు అదే మొదటిసారి.