సరోజ మూలుగ, నా కుళ్లు

నిన్న పొద్దున పుంగనూరు నుంచి అన్న ఫోన్ చేశాడు.

"సరోజ ఇంక లేదమ్మే" అన్నాడు.

"రేత్రి నాతో అరగంట మాట్లాడింది, లేకుండా యాడికి పోతాది" అన్నాను.

అవతల ఏడుపు వినిపించాక గానీ నాకు అర్థం కాలేదు. కుప్పంలో, తన ఇంట్లోనే, కాఫీ కలుపుతూ కూలబడిందట. గుండె. హాస్పిటల్‌కు తీసుకెళ్లే టైమ్ కూడా ఇవ్వలేదు.

నా చెల్లెలు. నాకంటే ఐదేళ్లు చిన్నది. ఈ ఒక్క విషయంలోనైనా నా వంతు ముందు వస్తుందనుకున్నాను.

దాన్ని చూసి జీవితమంతా కుళ్లుకున్నదాన్ని నేను. చనిపోయిన మర్నాడే ఇలాంటివి రాస్తారా అని మనవరాలు అడిగింది. నా అకౌంట్, నా చెల్లెలు, రాస్తాను అన్నాను.

తొంభైల చివర్లో అన్న ఒంటి మీద నీలం మచ్చలు మొదలయ్యాయి. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం ఆగేది కాదు. వేలూరులో పరీక్షలు చేసి, ఎముకల్లో రక్తం తయారుచేసే మూలుగ ఎండిపోయిందన్నారు. అప్లాస్టిక్ అనీమియా. రక్తం ఎక్కిస్తూ పోతే కొన్నాళ్లు. తోడబుట్టిన వాళ్ల మూలుగ కలిస్తే, అది ఎక్కిస్తే, బతికే ఛాన్స్ ఉంది.

నేనప్పుడు మదనపల్లెలో హైస్కూల్ సైన్స్ టీచర్ని. రక్తకణాలను రంగు చాక్‌పీసులతో బోర్డు మీద గీసి ఏళ్ల తరబడి పాఠం చెప్పినదాన్ని. సరోజ టెన్త్ రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ సైన్స్‌లోనే.

అన్నదీ నాదీ బి పాజిటివ్. సరోజది ఓ. ఇంకేముంది, ఇచ్చేది నేనే అని బంధువులందరికీ చెప్పేశాను. సెలవు పెట్టాను. స్టాఫ్‌రూంలో నాకు శాలువా కప్పి, స్వీట్ పంచి మరీ పంపారు.

దీనికి బ్లడ్ గ్రూప్ కలవాల్సిన పని లేదు, చూసే మ్యాచింగ్ వేరే అని డాక్టర్ చెప్పేటప్పటికి ఆ శాలువా ఇంకా నా బ్యాగులోనే ఉంది.

రిపోర్టులు వచ్చాయి. నాది కలవలేదు. సరోజది పూర్తిగా కలిసింది.

కారిడార్‌లోకి వెళ్లి ఏడ్చాను. సంతోషంతో అనుకున్నారు అందరూ. అనుకోనిచ్చాను.

ఇక మా అమ్మ మొదలుపెట్టింది. ఇచ్చే మూలుగ గట్టిగా ఉండాలని, కురబలకోట నుంచి గొర్రె కాళ్లు తెప్పించి నెల రోజులు సరోజకు చారు కాచింది.

"గొర్రె మూలుగ కడుపులోకి పోతాదిమా, ఎముకలోకి పోదు" అన్నాను.

"నీది కలవలేదు కదా, నీకెందుకు గమ్మునుండు" అంది అమ్మ.

సరోజ ఎముకను గిన్నెకు తట్టి, మూలుగ పీల్చి, నా వైపు చూసి నవ్వింది. "అక్కా, సైన్స్ పాసయినాను సూడు."

నాకు ఆ నెలంతా పప్పే.

మత్తిచ్చి తుంటి ఎముకలోంచి సూదులతో తీశారు. మర్నాడు తుంటి పట్టుకుని కుంటుతూ వచ్చి, "బండి మీంచి పడినట్ల ఉండాది, అంతే" అంది. అన్నకు పెద్ద ఆపరేషన్ ఉంటుందని మేమంతా భయపడితే, ఎర్రటి సంచి ఒకటి స్టాండుకు తగిలించి నరంలోకి వదిలారు. ఆ తర్వాత అన్న అద్దం తలుపు అవతల, మేము ఇవతల. తెల్లకణాలు ఎప్పుడు పెరుగుతాయా అని రోజూ రిపోర్టు కోసం కాచుకోవడమే.

పెరిగాయని చెప్పిన రోజు అందరం ఏడ్చాం. సరోజ ఏడవలేదు. "ఇడ్లీ తిందాం పా అక్కా, ఆకలిగుండాది" అంది.

ఏడాది తిరిగేసరికి అన్న బ్లడ్ గ్రూప్ ఓ అయింది. అన్నకూ నాకూ కలిసిన ఆ ఒక్కటీ దాని పాలయింది.

పండక్కి చీరలు పెట్టేటప్పుడు పెద్దదాన్నని అన్న ముందు నాకే పెట్టేవాడు. ఆ ఏడు ముందు దానికి పెట్టాడు. నా చీర కూడా మంచిదే. కానీ రెండోది.

అసలు చెప్పాల్సింది ఇప్పుడు చెబుతాను.

మరి కొన్నేళ్లకు పుంగనూరులో అన్న కూతురి పెళ్లి. దూరపు అత్త ఒకావిడ నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. "అన్నకు పానం పోసిన బిడ్డవి నువ్వేనంట కదమ్మా. నీ కడుపు సల్లగుండ."

నేను ముందుగా చాటిన మాట ఆవిడ దాకా చేరింది. తర్వాతి సంగతి చేరలేదు.

కాదు అనాలి. నోరు తెరిచాను. చేతులు మాత్రం ఆవిడ చేతుల్లోనే ఉంచాను.

పక్కనే సరోజ, తాంబూలాల పళ్లెంతో.

"అవునత్తా, మా అక్కే" అంది. ఆవిడ చేతిలో తాంబూలం పెట్టి తర్వాతి వరసకు వెళ్లిపోయింది.

సాయంత్రం అడిగాను. "యాల అట్ల చెప్పినావే?"

"నీకిష్టం కదక్కా."

అంతే. మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. దెప్పనైనా లేదు. దెప్పి ఉంటే నేను కాస్త సుఖంగా ఉండేదాన్ని.

అప్పటి నుంచి పుంగనూరు వెళ్లినప్పుడల్లా ఆ దండాలు నేనే తీసుకున్నాను.

నిన్న కుప్పంలో, దాన్ని పడుకోబెట్టిన చోటే, ఒకావిడ నన్ను చూపించి, "అన్నను బతికించింది ఈ యమ్మే" అని పక్కావిడతో అంది. కాదు, ఇదిగో ఇది అని గట్టిగానే చెప్పాను. పాపం దుఃఖంలో ఏదో మాట్లాడుతోందని నన్ను పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు.

అందుకే రాస్తున్నాను. పుంగనూరు వాళ్లు చదవండి. ఫోన్ లేని పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

అన్నకు మూలుగ ఇచ్చింది సరోజ. ఈ రోజుకీ ఆయన ఒంట్లో ఊరే రక్తం దానిదే. నేను ఇవ్వలేదు. ఇవ్వాలని మాత్రం చాలా ఆశపడ్డాను.

పోయిరా చెల్లీ. అక్కడైనా ఎవరికీ ఏమీ వడ్డించకుండా కాసేపు ప్రశాంతంగా కూర్చో. నీ మీద కుళ్లు నాకింకా తగ్గలేదు.