పద్నాలుగో రీలు

నాకు రీమేకులంటే ఒళ్ళు మంట. ఈ సంగతి తెనాలిలో తెలియనివాళ్ళు తక్కువ, ఎవరూ అడగకపోయినా నేనే చెబుతాను కాబట్టి. రిటైరయ్యాక రోజూ ఉదయం మా వీధి మొదట్లో ఉన్న టిఫిన్ హోటల్లో కూర్చోవడం అలవాటైంది. అక్కడ పెసరట్టు తినడానికి వచ్చినవాడికి పాత సినిమాల గొప్పతనం ఉచితంగా దొరుకుతుంది. ఓపిక ఉన్నవాళ్ళు వింటారు. లేనివాళ్ళు పార్సిల్ కట్టించుకుని వెళ్ళిపోతారు. సర్వర్ మాత్రం పాపం ఎక్కడికీ పోలేడు.

హోటల్ చాలక ఒక వాట్సాప్ గ్రూపు కూడా పెట్టాం. నచ్చిన పాత సినిమాల గురించి పంచుకోవడానికి అని పెట్టింది. తెనాలి, బాపట్ల, రేపల్లె, కొల్లూరు వాళ్ళం అందులో ఉన్నాం. పంచుకున్నది తక్కువ, కొట్టుకున్నది ఎక్కువ. కొల్లూరు నుంచి ఒకాయన రోజూ తన అరటితోట ఫోటో పెట్టి శుభోదయం చెబుతాడు. సినిమాల మీద ఆయన అభిప్రాయం ఏంటో ఇంతవరకు ఎవరికీ తెలియదు. మిగిలినవాళ్ళం మాత్రం పాత సినిమా అంటే గుళ్ళో దేవుడనీ, దాన్ని మళ్ళీ తీసేవాడు విగ్రహాల దొంగ అనీ తీర్మానించుకున్నాం. ఆ తీర్మానం రాసింది నేనే.

ఈ భక్తి అంతా నాకు ఒకే ఒక్క సినిమాతో పట్టుకుంది. మా సొంతూరు తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలు లైను మీద ఒక చిన్న స్టేషను. నాకు పదేళ్ళప్పుడు మా అక్క నన్ను బండి ఎక్కించి రేపల్లె తీసుకెళ్ళి, మ్యాట్నీ చూపించింది. నలుపు తెలుపు సినిమా. అందులోనూ ఒక అక్క, ఒక తమ్ముడు. తమ్ముడు నలుగురిలో అక్కను నానా మాటలంటాడు. అక్క నీ గడప తొక్కనని చెప్పి వెళ్ళిపోతుంది. ఒక పాట వస్తుంది. పాట అయ్యాక అక్క చిన్న మూట చంకన పెట్టుకుని తనంతట తానే తమ్ముడి ఇంటికి వచ్చేస్తుంది. తమ్ముడు లేచి నిలబడతాడు. అక్క నవ్వుతుంది. తర్వాత ఒక ఫైటు, అందరూ వరసగా నిలబడి ఒక గ్రూపు ఫోటో, శుభం. తమ్ముడు క్షమాపణ అడగడు, అక్క అడిగించుకోదు. అక్కంటే అలా ఉండాలని యాభై ఏళ్ళుగా ఆ సినిమా గురించి చెబుతూ కళ్ళు తుడుచుకుంటున్నాను. మళ్ళీ చూస్తే ఆ రుచి పోతుందని రెండోసారి మాత్రం చూడలేదు.

మా ఇంట్లో ఈ సినిమాకు ఒక శత్రువు ఉంది. నా భార్యది బాపట్ల. ఆమె కూడా చిన్నప్పుడు అక్కడి హాల్లో ఇదే సినిమా చూసింది.

"మధ్యలో తమ్ముడు వెళ్ళి అక్క గుమ్మం ముందు కూర్చుని ఏడుస్తాడు కదండీ, ఆ సీను ఎంత బాగుంటుందో" అంటుంది.

"అలాంటి సీను లేదు."

"ఉందండి. నేను చూశాను."

"బాపట్లలో ఇంకేదో సినిమా చూసుంటావు."

ముప్పై అయిదేళ్ళ కాపురంలో ఈ వాదన ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు. ప్రతిసారీ నేనే గెలిచాను. సముద్రపు గాలికి బాపట్ల వాళ్ళ జ్ఞాపకశక్తి తుప్పు పడుతుందని కూడా ఒకసారి అన్నాను. ఆ పూట కూరలో ఉప్పు లేదు.

ఇది మొగుడూ పెళ్ళాల సరదా తగువైతే ఇంత రాసేవాణ్ణి కాదు. రేపల్లెలో ఉండే మా అక్కకూ నాకూ మాటలు లేక ఏడేళ్ళయింది. మా పెద్దవాడి పెళ్లికి నేను చేసిన ఘనకార్యం అది. మా వైపు పెళ్లికి పిలవడమంటే ఇంటి ఆడవాళ్ళు కుంకుమభరిణె పట్టుకుని గడప గడపకూ వెళ్ళి, బొట్టు పెట్టి, కార్డు చేతికిచ్చి పిలవాలి. ఎదురింటి వాళ్ళనైనా అలాగే పిలుస్తాం. అలాంటిది పెళ్లికొడుక్కి స్వయానా మేనత్తను నేను ఫ్యామిలీ గ్రూపులో కార్డు ఫోటో పడేసి, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి పిలిచాను. వెళ్దాం పదండని నా భార్య పోరింది. సొంత అక్కకు పిలుపేంటి, తన ఇంటి పెళ్లికి తను రాదా అని కొట్టిపారేశాను.

అక్క రాలేదు. పీటల మీద పెళ్లికొడుకు కూర్చున్నాక మేనత్త ఏదని నలుగురూ అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు ఫోన్ చేసి, "నువ్వు రాకపోతే పెళ్లి ఆగిపోలేదులే" అన్నాను. అక్క ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత నేను చెయ్యలేదు, తనూ చెయ్యలేదు.

ఏడేళ్ళూ నేను ఎదురుచూశాను. తనే వస్తుందని నా నమ్మకం. సినిమాలో వచ్చింది కదా. ఇప్పుడు చిన్నవాడి పెళ్లి కుదిరింది, కార్డులు అచ్చయి వచ్చాయి. "ఈసారి కూడా వదినగారిని పిలవకపోతే ఇంక ఈ జన్మకు లేదండి. ఆవిడకి డెబ్భై" అంది నా భార్య. ముందు తను రావాలి, ఆ తర్వాతే పిలుపు అన్నాను. అలా అన్నానే గానీ నాకు అక్క కావాలి. నా పక్కన కూర్చుని అక్షింతలు వెయ్యడానికి అక్క కావాలి. ఈ మాట నేనెవరికీ చెప్పలేదు. రేపల్లె బస్సు ఎదురైనప్పుడల్లా నేను మొహం పక్కకు తిప్పుకోవడం చూసి నా భార్య కనిపెట్టింది.

సరిగ్గా ఆ వారమే నా సినిమాను మళ్ళీ తీసి వదిలారు.

తిట్టడం కోసమే టికెట్ కొనుక్కుని వెళ్ళాను. చూడకుండా తిట్టడం నా పద్ధతి కాదు. తమ్ముడికి గడ్డం పెట్టారు. అక్క చేత బట్టల షాపు పెట్టించారు. పల్లెటూరిని ఆకాశంలోంచి తప్ప నేల మీంచి ఒక్కసారి కూడా చూపించలేదు. అంతవరకు ఓర్చుకున్నాను. పాట అయ్యాక ఆ గడ్డంవాడు వానలో వెళ్ళి, అక్క గుమ్మం ముందు కూలబడి, క్షమించమని ఏడవడం మొదలుపెట్టాడు. నేను సీట్లోంచి లేచి, "ఇది ఒరిజినల్లో లేదు" అన్నాను. గట్టిగానే అన్నాను. వెనక వరసలోంచి ఒక అమ్మాయి, "బాబాయ్‌గారూ, కూర్చోండి, కనపడట్లేదు" అంది.

ఇంటికొచ్చి గ్రూపులో ఏకిపారేశాను. అక్క ముందు తమ్ముడు దేబిరించక్కర్లేదని పాతవాళ్ళకు తెలుసనీ, ఈ కాలం వాళ్ళకు అక్కల మనసు తెలియదనీ, చేతనైతే ఉన్నది ఉన్నట్టు తియ్యాలి, లేకపోతే మానుకోవాలనీ రాశాను. చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. కొల్లూరాయన అరటిగెల పెట్టాడు.

మర్నాడు పొద్దున రేపల్లె నుంచి ఒక పెద్దాయన, ఇన్నాళ్ళూ గ్రూపులో నోరు విప్పనివాడు, వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"సార్, నమస్కారమండి. నేనప్పట్లో రేపల్లె హాల్లో ఆపరేటర్నండి. మీరన్న సీను పాతదాంట్లో ఉందండి. పద్నాలుగో రీలండి అది. మ్యాట్నీకి మేం వేసేవాళ్ళం కాదు. మొత్తం వేస్తే సాయంత్రం తెనాలి బండి దాటిపోయేదండి. లైను మీద ఊళ్ళ వాళ్ళంతా కథ మధ్యలో లేచి స్టేషన్‌కి పరిగెత్తేవాళ్ళు. మా ఓనరుగారు ఏదో ఒక రీలు ఆపెయ్యమన్నారు. ఫైటు ఆపితే కుర్చీలు విరగ్గొడతారు. పాట ఆపితే నన్ను కొడతారు. ఏడుపు ఆపితే ఎవరూ అడగరు కదండీ. అదెప్పుడూ పద్నాలుగులోనే ఉండేది. అందుకని ఏ సినిమా అయినా పద్నాలుగు పక్కన పెట్టేసేవాణ్ణి. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదండి. మీరే మొదలు."

ఆ మెసేజ్ మూడుసార్లు విన్నాను. కాఫీ చల్లారిపోయింది. నా సినిమా పాండిత్యమంతా రేపల్లె మ్యాట్నీల మీద కట్టుకున్నదే. నాకు తెలిసిన గొప్ప సినిమాలన్నిట్లోనూ గయ్యాళి అత్తలు ఉన్నట్టుండి కోడళ్ళను దగ్గరకు తీసుకుంటారు. తగువుపడ్డ అన్నదమ్ములు పాట కాగానే ఒకే కంచంలో అన్నం తింటారు. ఎందుకు మారారో, ఎవరు ఎవరికి ఏం చెప్పుకున్నారో ఉండదు. దీన్నే నేను హోటల్లో "చెప్పకుండా చెప్పడం" అని పేరు పెట్టి, పాత దర్శకుల నిగ్రహం అని వివరించేవాణ్ణి. ఈ కాలం వాళ్ళకు ఆ నిగ్రహం ఏదీ అని బల్ల గుద్దేవాణ్ణి. తీరా చూస్తే ఆ నిగ్రహం రైల్వే వాళ్ళది.

నా భార్య కూడా విన్నది. బాపట్లలో బండి గొడవ లేనట్టుంది, వాళ్ళకు అన్ని రీళ్ళూ వేశారు. ఆమె ఫోన్లో ఆ పాత సినిమా వెతికి, వేలితో ముందుకు జరిపి, ఒకచోట ఆపి, నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అంతకన్నా నాలుగు దులిపినా బాగుండేది.

తమ్ముడు అక్క గుమ్మం ముందు కూర్చున్నాడు. వాన లేదు, వయొలిన్లు లేవు. తప్పు నాదన్నాడు. అక్క వినకుండా లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. అతను అలాగే కూర్చున్నాడు. ఎండ పోయింది, దీపాలు పెట్టారు, అతను కూర్చునే ఉన్నాడు. ఆ తర్వాత అక్క మూట పట్టుకుని రావడం నాకు తెలిసిందే. మధ్యలో తమ్ముడు చెయ్యాల్సిన పని ఒకటి ఉందని తెలియక నేను ఏడేళ్ళు ఆ మూట కోసం చూస్తూ కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"కుంకుమభరిణె ఎక్కడుంది" అని అడిగాను.

"కార్డులు వచ్చిన రోజే సంచిలో పెట్టానండి" అంది వంటింట్లోంచి.

రేపల్లెలో అక్కే తలుపు తీసింది. చాలా సన్నబడింది. "రండి, కూర్చోండి" అంది ఇద్దర్నీ కలిపి, ఎవరో చుట్టాలను అన్నట్టు. నేను కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి, "తప్పు నాదే అక్కా" అన్నాను. బస్సులో వరసగా పేర్చుకున్న మిగతా మాటలు బస్సులోనే ఉండిపోయాయి. నా భార్య ముందుకు వెళ్ళి బొట్టు పెట్టింది. అక్క నుదురు వంచి పెట్టించుకుంది, కార్డు కళ్ళకద్దుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చాక నా నోరు ఊరుకోదు కదా. పద్నాలుగో రీలు సంగతి, ఆపరేటర్ సంగతి మొత్తం ఏకరువు పెట్టాను. అక్క కొంచెం నవ్వింది కూడా.

"అయితే ముందు తమ్ముడే వెళ్ళాడా" అంది. "నాకూ తెలియదు. నేనూ నీ పక్కనే కూర్చుని చూశాను కదా. అక్కే వెళ్ళాలేమో అనుకున్నాను."

తర్వాత నా భార్య వైపు తిరిగింది.

"పోయినేడాది వచ్చానమ్మా. తెనాలిలో కంటి ఆపరేషన్ చేయించుకుని, ఆ నల్లద్దాలతోనే మీ ఇంటికి బయల్దేరాను. వీధి మొదట్లో హోటల్లోంచి వీడి గొంతు వినపడింది. లోపలికి వెళ్ళి బల్ల పక్కన నిలబడ్డాను. సినిమా గురించే చెబుతున్నాడు. అక్కంటే అలా ఉండాలి అంటున్నాడు. మధ్యలో నా వైపు చూశాడు. చూసి, అమ్మా, కాస్త పక్కకి జరగండి, గాలి తగలట్లేదు అన్నాడు. జరిగాను. అలాగే స్టేషన్‌కి వెళ్ళిపోయాను."

అలా అన్నానా అని అడగబోయి ఆగిపోయాను. అనే ఉంటాను.

"నువ్వని పోల్చుకోలేదక్కా" అన్నాను.

"తెలుసురా" అంది. "పోల్చుకుని అనుంటే, నాలుగు తిట్టి మీ ఇంటికే వచ్చేదాన్ని."