బంగ్లా వరండాలో కుర్చీ

మా మామయ్య అసలు పేరేమిటని అడిగితే మా పేటలో సగం మంది నోరెళ్లబెడతారు. అందరికీ ఆయన వరండా మామయ్యే. ఊరి శివార్లలో పాత బంగ్లా ఒకటుంది. దాని వరండాలో ఒక అద్దం, ఒక తిరిగే కుర్చీ పెట్టుకుని పేట మొత్తానికీ జుట్టు కత్తిరిస్తాడు. "శుభ్రంగా పెట్టిన పేరుంది కదా, చెప్పొచ్చుగా!" అని నేను కసురుకుంటే, "పిలిచేవాళ్ల నోళ్లు కుట్టేస్తామా?" అంటాడు. ఆయన్ని మాటల్లో గెలవడం నా తరం కాదు.

అసలు ఆయన అక్కడికి చేరిందే వింతగా. వయసులో ఉండగా వీధి చివర ఆయనకో రేకుల కొట్టు ఉండేది. ఒకరోజు పోస్ట్‌మాన్‌కి సగం కటింగ్ అయ్యాక గాలివానకి రేకు లేచిపోయింది. ఇద్దరూ తడుస్తూ పరుగెత్తి బంగ్లా వరండాలో దూరారు. లోపల్నుంచి ఇంటి పెద్దాయన వచ్చి, ఒకవైపు గుండు, ఒకవైపు అడవిలా ఉన్న ఆ తలని చూసి పడీపడీ నవ్వి, "పూర్తిచేసి గానీ కదలకు" అన్నాడట. మామయ్య ఇంతవరకూ కదల్లేదు.

ఇప్పుడా ఇల్లు పెద్దాయన కూతురు టీచరమ్మది, ఆవిడ అన్నయ్యది. అన్నయ్య దాన్ని పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టించాలని పట్టుబట్టాడు. టీచరమ్మ ఊరుకునే మనిషా? పాత కట్టడాల కమిటీకి అర్జీ పెట్టింది. వాళ్లు వచ్చి చూసి, కాపాడదగ్గ ఇల్లని తేలిస్తే ఎవరూ ఇటుక కదపడానికి లేదు. కాదంటే బంగ్లా పోతుంది, దాంతోపాటు మామయ్య బతుకుతెరువూ పోతుంది.

కమిటీ వస్తుందనగా ముందురోజు, టీచరమ్మ వాళ్లని తీసుకురావడానికి పట్నం వెళ్లిన సమయం చూసుకుని మా మామయ్య చేసిన నిర్వాకం వినండి. అద్దం ఊడదీశాడు. మేకుల బొక్కలు పూడ్చి గోడకి తెల్లగా సున్నం కొట్టాడు. కుర్చీని రిక్షాలో వేసుకుని ఇంటికి తెచ్చేశాడు. మా అమ్మ అదేదో తన కోసమే వచ్చినట్టు అందులో కూర్చుని చిక్కుళ్లు ఒలవడం మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"నీ పొట్ట నువ్వే కొట్టుకుంటావా మామయ్యా?"

"అంత గొప్ప ఇంటి ముందు కటింగు కుర్చీ ఏమిటని వాళ్లు మొహం చిట్లిస్తే? నేనెక్కడైనా బతికేస్తానే. ఆ ఇల్లు ఇంకెక్కడ బతుకుతుంది?"

నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు నేనూ మామయ్యా అక్కడ ఉండగా, టీచరమ్మతో కలిసి పెరటి గేటు గుండా కమిటీ మేడం వచ్చింది. గుండ్రటి స్తంభాలు, చెక్క రెక్కల కిటికీలు, తలుపు మీద రంగుటద్దాలు, అన్నీ చూసింది. "బాగుంది. కానీ ఇలాంటివి చుట్టుపక్కల ఇంకా ఉన్నాయండీ. దీని ప్రత్యేకత ఆ వరండా అని రాశారు. ఏదీ?" అంది.

టీచరమ్మ గర్వంగా వరండాలోకి తీసుకొచ్చింది. వచ్చి కొయ్యబారిపోయింది. "కుర్చీ ఏది? అద్దం ఏది? ఈ పేట మగాళ్లంతా ఇక్కడే మనుషులయ్యారని అర్జీ నిండా రాశానయ్యా!"

మామయ్య ముఖం చూడలేకపోయాను. "చెప్పొచ్చుగా అమ్మా..." అన్నాడు.

"నువ్వు అడగొచ్చుగా!"

ఇంతలో గేటు చప్పుడైంది. సెలవురోజు కదా, ఎప్పట్లాగే కటింగుకి జనం వచ్చారు. మామయ్య అందర్నీ వద్దనడం మర్చిపోయాడు. ముందు ఆ పోస్ట్‌మాన్, వెనకాల కొడుకు, కొడుకు చెయ్యి పట్టుకుని మనవరాలు. వచ్చి మెట్ల మీద వరసగా కూర్చున్నారు. "కుర్చీ లేకపోతే పీట వెయ్యి, నాకు పనుంది" అన్నాడు పోస్ట్‌మాన్.

మేడం మాత్రం వాళ్లని చూడట్లేదు. వంగి నేలకేసి చూస్తోంది. ఎర్ర గచ్చు మధ్యలో గుండ్రంగా ఒక పల్లం. కుర్చీ చుట్టూ తిరిగి తిరిగి మామయ్య పాదాలు అరగదీసిన గచ్చు అది. గోడకైతే సున్నం కొట్టాడు గానీ, దీన్నేం చేస్తాడు? మేడం ఆ పల్లం వెంబడి అరచెయ్యి పెట్టి నిమిరింది. "ఇది మీరేనా?" అంది.

మామయ్య నేరం చేసినవాడిలా తలూపాడు.

నేను ఇంటికి పరుగెత్తాను. అమ్మని చిక్కుళ్లతో సహా లేపి, పోస్ట్‌మాన్ కొడుకుతో కలిసి కుర్చీ మోసుకొచ్చాను. వీధిలో ఎదురైనవాళ్లంతా ఏమిటేమిటంటూ వెంట పడ్డారు. పల్లం మధ్యలో కుర్చీ పెట్టేసరికి అందరం చప్పట్లు కొట్టేశాం.

తర్వాత కొన్నాళ్లకి నిర్ణయం వచ్చింది. టీచరమ్మ వరండాలో నిలబడి గట్టిగా చదివింది. ఇల్లు కాపాడదగ్గదే. వరండా వాడుక ఇప్పుడున్నట్టే సాగాలి. కుర్చీతో సహా అక్కడి వస్తువేదీ అనుమతి లేకుండా కదపరాదు.

"విన్నావా? ఈసారి ఎత్తుకెళ్లావంటే పోలీసులకి నేనే పట్టిస్తా" అంది ఆవిడ.

మామయ్య నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశాడు. తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, దాన్నే ఒక్క విదిలింపు విదిలించి, "ఊఁ, తర్వాతెవరు?" అన్నాడు.