అరెస్టయ్యే ఓడకు అన్నం పిలుపు

“ఏటే, ఇయ్యాల ఏ ఓడకి కబురెట్టినావు?” అన్నాడు మా ఆయన గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ.

“నీకైతే ఎట్టలేదు. ఎల్లెల్లు, క్యారేజీ మరిసిపోకు,” అన్నాను నేను.

అంతే. మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే. ఆ మధ్యాహ్నం జెట్టీ మీదే ఆయన గుండె ఆగిపోయింది. గుమ్మం దిగినప్పుడు మాత్రం నవ్వుతూ దిగాడు. ఆ నవ్వు నా మీదే గనుక అందులో సగం నాదేనని నేను దబాయిస్తూ ఉంటాను. ఇంతకీ ఆయన ఏళ్ళ తరబడి నన్ను ఏడిపించిన ఆ ఓడ సంగతేమిటో మీకు చెప్పాలి. కాస్త గట్టిగా కూర్చోండి. ఒక గుడ్డసంచి పట్టుకుని చేపల బజారుకు వెళ్ళి, మా పిల్ల లాయరు బతుకును నిలువునా ముంచేయబోయిన కథ ఇది.

పిల్లంటే మా అక్క కూతురు సత్య. నేను చెబుతుంటే ఇప్పుడు రాస్తున్నదీ అదే. “ఇది కూడా రాయాలా పిన్నీ?” అంటోంది. రాయవే, అసలు సంగతి ఇంకా రానేలేదు. సత్య ఈ దీవుల్లోనే, షాదీపూర్‌లో మా ఇంట్లోనే పెరిగింది. కలకత్తా వెళ్ళి చదువుకుని, ఓడల తగువులు, వ్యాపారస్తుల తగువులు చూసే లాయరై వచ్చింది. మా వీధిలో ఎవరికీ ఆ ఉద్యోగమేమిటో అర్థం కాలేదు. “ఓడలు కూడా విడాకులు తీసుకుంటాయా దీదీ?” అని పక్కింటావిడ అడిగింది. నాకూ తెలియదు కాబట్టి, పెద్ద ఓడలైతే తీసుకుంటాయని చెప్పాను.

ఇక్కడే గోల్ ఘర్‌లో ఒక దుకాణం మీది గది అద్దెకు తీసుకుని కూర్చుంది. ఫ్యాను తిరిగేది, ఆ గదిలో సత్య తిరిగేది, కేసు మాత్రం అటు తిరిగేది కాదు. చివరికి పోలయ్య వచ్చాడు. చేపల వేటకు వెళ్ళే మనిషి. ఒక సరుకుల ఓడ రేవులో మలుపు తిరుగుతూ అతని పడవను అప్పడంలా విరిచేసింది. ఓడవాళ్ళేమో “మేం చూడలేదు” అని చేతులు దులిపేసుకున్నారు. మర్నాడు ఆ ఓడ వెళ్ళిపోతోంది. వెళ్ళిందంటే పోలయ్యకు పడవ లేదు, వేట లేదు. సత్యకు మొదటి కేసూ లేదు, దాని వెనక వచ్చేవీ లేవు.

సత్య కోర్టుకెళ్ళి ఆర్డరు సంపాదించింది. మధ్యాహ్నం అన్నం తింటూ చెప్పింది.

“రేపు పొద్దున్నే ఓడని అరెస్టు సేస్తన్నాం పిన్నీ. కోర్టు మనిషొచ్చి కాయితం అంటిస్తాడు. అందాకా ఎవరికీ సెప్పకు, సంఝే? తెలిసిందంటే లంగరెత్తుకుని పోతారు.”

“నా నోరు సంగతి నీకు తెల్దేటి?”

“తెలుసు గనకే సెబుతున్నా.”

అరెస్టంటే నాకు తెలిసింది ఒకటే. బేడీలు, ఠాణా, బల్ల మీద వరసగా కూర్చున్న మగాళ్ళు. మా జాలరి ఇళ్ళలో దానికొక పద్ధతుంది. ఎవరి పడవ ఏ తప్పు చేసి వాళ్ళు ఠాణాలో కూర్చున్నా, దగ్గరున్న ఇంటినుంచి అన్నం క్యారేజీ వెళ్ళాలి. కోపాలు తర్వాత, ముందు అన్నం. పట్టించేది మా పిల్ల, పట్టుబడేది పై ఊరివాళ్ళు. మరి అన్నం ఎవరు పెట్టాలి? నేనే. ఎంతమందికి ఎసరు పెట్టాలి? అడగాలి. ఎవరిని? తినేవాళ్ళనే. చూశారా, నా బుర్ర ఎంత చక్కగా గొయ్యి తవ్వుకుంటూ పోయిందో.

ఆ పూటే జంగ్లీఘాట్ చేపల బజారులో ఆ ఓడ వంటవాడే కనిపించాడు. భీమిలి మనిషి, ముందురోజు కూరల దగ్గర పలకరించుకున్నాం.

“బాబూ, మీ ఓడలో ఎంతమంది?”

“పన్నెండుమందిమి అక్కా. ఏటి?”

“అందరూ కారం తింటారా?”

“కేప్టెన్ సాబ్ తినడు. ఎందుకక్కా?”

“రేపు ఠాణాకి క్యారేజీ నేనే పంపుతాను. అరెస్టయినాక మీకు వంట కుదరదు గదా.”

అతని చేతిలోని సొరకాయ సంచిలోకి పోకుండా నేల మీద పడింది. “అరెస్టా?” అన్నాడు.

“బయపడకు. సేయించేది మా పిల్లే. శానా మంచిది.”

నా మాట పూర్తయ్యేలోగా మనిషి లేడు. సొరకాయ ఉంది. వృథా అవుతుందని నేనే తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చి అటక మీంచి పెద్ద డేగిసా గిన్నె దించుతుంటే సత్య అడిగింది.

“ఎవరొస్తన్నారు పిన్నీ?”

“నీ ఖైదీలే. కేప్టెన్‌కి కారం పడదంట, ఆయనకి సొరకాయ పులుసు ఏరేగా కాస్తాను.”

“పడదని నీకెవరు సెప్పారు?”

“ఆళ్ళ వంటోడు.”

దాని ముఖం ఐసులో పెట్టిన చేపలా తెల్లబడింది. మా ఆయన టీ గ్లాసు కింద పెట్టి, “అయితే ఓడకి బొట్టెట్టి మరీ సెప్పొచ్చిందన్నమాట,” అన్నాడు.

“పిన్నీ, అరెస్టంటే తగువు తేలేదాకా కదలకుండా ఆపడం, మనుషుల్ని కాదు. ఓడని.”

“ఓడకి బేడీలెక్కడేస్తారే?”

సత్య కోర్టు మనిషికి ఫోను చేస్తూనే, చెప్పులైనా వేసుకోకుండా ఆటో ఎక్కింది. మేమిద్దరం దాని వెనకే ఎక్కి కూలబడ్డాం. దారిలో ఒక్క మాటే అంది. “పోలయ్య భయ్యాకి నేనేం సెప్పాలి పిన్నీ?”  ఈ దీవుల్లో నా నోరు మూతపడటం అదే మొదటిసారి.

జెట్టీ చేరేసరికి ఓడ పొగ కక్కుతోంది. పైనుంచి కేప్టెన్ అరుస్తున్నాడు. తాళ్ళు విప్పమంటున్నాడు. విప్పేవాడే లేడు. ఓడలో ఉండవలసిన జనమంతా గేటు బయట తమ సంచుల మీద పెళ్ళివారిలా కూర్చుని ఉన్నారు. వంటవాడు నన్ను చూసి లేచాడు.

“అక్కా, ఓడలో ఉంటేనే గదా మమ్మల్ని పట్టుకుంటారు? అందుకే అందరం దిగిపోనాం.”

“అరే, వాపస్ ఆవో, ఎక్కండి, ఎవరూ జైలుకి పోరు,” అని కేప్టెన్ బతిమాలుతున్నాడు. ఒక్కడూ కదల్లేదు. ఆ వంటవాడికి నేను పోసిన భయం అంత చిక్కనిది.

అసలు సంగతి చెప్పబోయి, చెబితే అందరూ ఓడెక్కేస్తారని సత్య నాలిక కరుచుకుంది. కోర్టు మనిషి స్కూటరు అప్పుడే గేటు దాటుతోంది. ఆయన వెళ్ళి ఓడ అద్దం మీద కాయితం అంటించాకనే వాళ్ళకు చెప్పింది, అరెస్టయింది ఓడ ఒక్కటేనని. ఆ సాయంత్రం అందరూ మా వాకిట్లోనే తిన్నారు. కేప్టెన్ సొరకాయ పులుసు మారు అడిగి పోయించుకున్నాడు.

వాయిదా నాడు జడ్జిగారు అడిగారట, ఓడ బయల్దేరే వేళకు సిబ్బంది అంతా ఒడ్డునెందుకు ఉన్నారని.

సత్య లేచి, “భోజనానికి పిలుపు వచ్చిందండి,” అంది.

“ఎవరి పిలుపు?”

“మా పిన్నిదండి.”

జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, “పిలుపు మీద కోర్టుకు అభ్యంతరం లేదు. ముందస్తుగా పిలవడం మీదే ఉంది,” అన్నారట.

తర్వాత ఓడ కంపెనీవాళ్ళు వచ్చి సత్య గదిలో పోలయ్య ఎదురుగా కూర్చున్నారు. మాటల మీదే తగువు తెగింది. పోలయ్య కొత్త పడవలో వేటకెళ్ళాడు. ఇప్పుడు సత్య గది ముందు చెప్పులు మెట్లదాకా ఉంటాయి. దీవుల ఆ చివర డిగ్లీపూర్ నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు.

అందుచేత ఈ రేవులో ఆగిన, ఆగబోయే సమస్త నౌకల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఓడనూ అరెస్టుకు ముందు అన్నానికి పిలవను. కాయితం అంటించి, జిగురు ఆరాకనే పిలుస్తాను.

సత్యా, ఇక కలం పక్కన పెట్టు. ఏదీ, మొదటినుంచీ చదివి వినిపించు. లాయరువి, నీకు గిట్టని ముక్కలు ఎక్కడెక్కడ మింగేశావో వినాలి నేను.