దారం కోసిన అట్టలు

ఆ శనివారం పొద్దున రెండో పీరియడులో నేను ఒక మనిషి పనిని కత్తెరతో పాడుచేశాను. పొరపాటున జరిగిందని ఈ నెలన్నరలో నాకు నేనే ఎన్నోసార్లు చెప్పుకున్నాను. పొరపాటే, కానీ తెలియక చేసింది కాదు. ఆ మూట ఎవరిదో నాకు తెలుసు. అందులో ఏముందో తెలుసు. ఎందుకు పంపారని అడగాలనిపించలేదు, అంతే.

సూరత్‌లో ఒక తెలుగు మీడియం బడిలో నేను డ్రాయింగు మాస్టర్ని. మా పిల్లల తండ్రుల్లో ఎక్కువమంది సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి వచ్చి మరమగ్గాల మీద పనిచేస్తున్నవాళ్లు. మా నాన్న కూడా అలా వచ్చినవాడే. నేను ఇక్కడే వడోద్ బస్తీలో ఒక్క గదిలో పెరిగాను. చదువు పూర్తయ్యాక మగ్గాల వైపు మళ్లీ చూడలేదు. ఇప్పుడు ఆల్థాన్‌లో ఫ్లాటు. ఏం చేస్తారని ఎవరైనా అడిగితే టీచర్నని చెబుతాను. నాన్న గురించి అడిగితే ‘బట్టల లైన్’ అని ఊరుకుంటాను.

ఈ ఏడాది తొమ్మిదో తరగతి చిత్రకళకు కావలసిన సామగ్రి కొనడానికి బడికి నిధులు వచ్చాయి. ఏమేం కొనాలో ఎంచి జాబితా ఇమ్మని హెడ్మేడమ్ నాకు అప్పగించారు. సరఫరాదారు పంపిన రంగుల కేటలాగు ఉంది. గోడకు తగిలించే చిత్రాల పోస్టర్లు, ముఖాలు గీయడం నేర్పే ప్లాస్టిక్ తలలు, బొమ్మ పండ్లు, మట్టి పొట్లాలు. నేను వరుసగా టిక్కులు పెట్టుకుంటూ పోయాను. పిల్లలు దేన్ని చూస్తే ఏం నేర్చుకుంటారని ఒక్క వస్తువు దగ్గరా ఆగలేదు. ఫారంలో ఒక గడి మాత్రం కేటలాగుతో నిండలేదు. దాని మీద ‘స్థానిక వనరులు’ అని ఉంది. అందుకోసం రెండు సెక్షన్ల పిల్లలకూ చెప్పాను, ఇంట్లో కళకు సంబంధించింది ఏదైనా ఉంటే తెమ్మని.

రంగు పూసిన సీసా ఒకటి వచ్చింది, కాగితం పూలు వచ్చాయి. బి సెక్షన్ అమ్మాయి ఒకతె బియ్యం సంచిలో ఒక బరువైన మూట తెచ్చింది.

“సార్, మా బాపు పంపిండు. చూసినంక మళ్ల ఇయ్యమన్నడు.”

“గా బీరువల పెట్టు తియ్.”

“ఇప్పి చూస్తరా సార్?”

“తర్వాత చూస్తగని, పో.”

సంచి మూతి దగ్గర నుంచే కనబడింది. జకార్డు అట్టలు. మగ్గం మీద పువ్వు పడాలంటే ఎక్కడ ఏ పోగు లేవాలో ఈ అట్టల మీది రంధ్రాలే మగ్గానికి చెబుతాయి. నేతలో ఒక్కో వరుసకు ఒక్కో అట్ట. వాటిని ఒకదాని పక్కన ఒకటి దారంతో కుట్టి, దండలా మగ్గం పైన వేలాడదీస్తారు. అట్టలు వరుస తప్పితే పువ్వు ఉండదు. కంప్యూటర్ జకార్డులు వచ్చాక ఈ దండలు గోతాలకెత్తి, పాత సామాను కొనే భంగార్ దుకాణంలో తూకానికి వేయడం ఎన్నోసార్లు చూశాను. వేరే మాస్టారైతే ‘ఇదేంటమ్మా, ఎవరు చేశారు’ అని అడిగేవాడు. నేను నేతపనివాడి కొడుకుని. నాకు అన్నీ తెలుసు. అందుకే అడగలేదు. ఫారంలో ఆ గడిలో ‘పాత అట్టలు – వ్యర్థ పదార్థం’ అని రాశాను.

మూట బీరువాలోకి చేరిన మూడు వారాలకు, ఆ శనివారం ఏ సెక్షన్‌కు అచ్చు రంగుల పాఠం. మందపాటి కాగితం అయిపోయింది. బీరువా తెరిచి ఆ దండ తీసి, దారం కోశాను. నూటిరవై అట్టలు, ముప్ఫై మంది పిల్లలు, తలా నాలుగు. సరిగ్గా సరిపోయాయని సంతోషించాను కూడా. రంధ్రాల మీద రంగు అద్దితే కింద కాగితం మీద చుక్కలు పడతాయి. అట్ట పొడుగ్గా ఉందని, అంకెలున్న చివర కత్తిరించి పారేయమన్నాను. ఆ అంకెలే అట్టల వరుస.

“సార్, మా ఇంట్ల గిసొంటి అట్టతోని మా తాత ఈపు గోక్కుంటడు!” అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

విరామంలో బి సెక్షన్ అమ్మాయి వచ్చింది.

“సార్, అట్టలు ఇయ్యుండ్రి. సోమారం బాపు కార్ఖానల చూపియ్యాల్నట. డిజైన్ రూముల మనిషి కావాల్నంటున్నరు. నచ్చితే బాపును గా పనికి తీస్కుంటరు.”

“గ్రాఫు కాయితం ఉంటది గదా, గది చూపియ్యమను.”

“గది పోయిన వానలకు ఖాడీ కాలువ నీళ్లు ఇంట్లకచ్చి నానిపాయె సార్. అట్టలు మీద కొక్కానికి ఉండె, గవ్వే మిగిలినయ్.” మళ్లీ తనే చెప్పింది. “మగ్గాల సప్పుడుకు బాపుకు ఒక చెవు పాయె. డిజైన్ రూముకు పోతే రెండోదన్న మిగులుతదని అమ్మ అంటది.”

నా వేళ్లకు ఎర్ర రంగు ఇంకా ఆరలేదు.

“బీరువ తాళం ఇంటికాడ మర్సిన. రేపు తీస్కో.”

“రేపు ఆయితారం గద సార్.”

తాళంచెవి నా చొక్కా జేబులోనే ఉంది. ఆ అమ్మాయి క్లాసుకు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం బడి వదిలాక ఏ సెక్షన్ గదిలో బల్లల మీద, కింద వెతికి, కనబడిన అట్టలు ఏరి సంచిలో వేసుకున్నాను. నూట పదకొండు దొరికాయి. కత్తిరించిన చివరలు ఊడ్చి చెత్తబండిలో వేశామని ఆయా చెప్పింది. బండి వెళ్లిపోయి గంటయింది.

ఇంటికి వెళ్లి అన్నం తిన్నాను. కంచం కడిగి పెట్టాను. కేటలాగు ముందేసుకుని పోస్టర్ల నంబర్లు ఎక్కించుకుంటూ కూర్చున్నాను. భయం లేదు, ఏడుపు లేదు. ఎండాకాలం కుళాయిలా, తిప్పినా ఏమీ రాలేదు. ఇరవై మూడు నంబర్లు ఎక్కించాక స్థానిక వనరుల గడి వచ్చింది. అందులో నా చేతిరాత చదివాను. లేచి, సంచి తీసుకుని ఆ అమ్మాయి వాళ్లుండే డిండోలికి బయలుదేరాను.

వాళ్లది కింది అంతస్తులో ఒక గది. తల్లి నేల మీద కూర్చుని చీరకు రాళ్లు అతికిస్తోంది. తండ్రి రాత్రి పాళీ దిగివచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

“సారు అచ్చిండు, లెవ్వు,” అని తల్లి భుజం పట్టి కుదిపింది.

ఆయన లేచి, వినపడే చెవి నా వైపు తిప్పి కూర్చున్నాడు. నేను సంచి ముందు పెట్టాను.

“అట్టలు కత్తిరించిన. మర్సిపోయి కాదు. భంగార్ అనుకున్న.”

“తాళం ఇంటికాడ ఉన్నదంటిరి గద సార్?” అంది గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి.

“అబద్ధం చెప్పిన బిడ్డా.”

ఆయన ఒక అట్ట తీసి కిటికీ వెలుగుకు ఎత్తి పట్టాడు. “రంగు మంచిగనే పూసిండ్రు పోరగాండ్లు,” అన్నాడు. ఇంకొకటి తీశాడు. “నంబర్లేవి?”

“పోయినయ్.”

“అన్నీనా?”

“అన్నీ.”

తల్లి చేతిలోని జిగురు డబ్బా కింద పెట్టింది. “గింత సదువుకున్నవ్, జర సోయి లేదా సారూ? మీ నాయిన మగ్గం మీద బత్కలేదా? గా అట్టలు కొట్టెతందుకు మా ఆయినె ఎన్ని దినాలు కూసున్నడో ఎర్కేనా?”

“ఊకోవే,” అన్నాడాయన. నా వైపు చూడకుండానే, “పోయి గ్రాఫు కాయితాలు కొనుక్కరా. డ్రాయింగు సారువు గద, గడులల్ల రంగు నింపుడన్న అస్తదా?” అన్నాడు.

వస్తుందన్నాను.

ఆదివారం పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఆ గదిలోనే ఉన్నాను. ముందు తడిగుడ్డతో రంధ్రాల్లో గట్టిపడ్డ రంగు తీశాం. తర్వాత ఆయన అట్టల్ని నేల మీద పరిచి, ఒకదాని పక్కన ఒకటి జరుపుతూ, పోల్చుకుంటూ వరుస కట్టాడు. అది బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు అంచు. పువ్వు ఉన్నచోట అట్టలు తేలికగా కలిశాయి. కాడ ఉన్నచోట ఏ అట్ట చూసినా ఒకేలా ఉంది. అక్కడ ఆయన కళ్లు మూసుకుని, ఆ రంధ్రాలను వేళ్లతో తడిమేవాడు. తర్వాత ఒక్కో అట్టా చదివాడు. “మూడు ఖాళీ, రెండు నింపు, ఒకటి ఖాళీ.” నేను గడులు నింపాను. రెండుసార్లు తప్పు నింపితే అమ్మాయి పట్టుకుంది.

“ఎవరు గీసిన్రు గీ పువ్వు?” అని అప్పుడడిగాను. అడగవలసిన రోజుకు మూడు వారాల తర్వాత.

“నేనే. పెండ్లి కాకముందు.”

కాడ వంగేచోట ఒక్కో వరుసకు ఒక్కో గడి మాత్రమే పక్కకు జరిగింది. చతురస్రాలతో వంపు ఎలా తేవాలో పదకొండేళ్లుగా పిల్లలకు మాటల్లో చెబుతున్నాను. నేను టిక్కు పెట్టిన ఏ పోస్టర్లోనూ అది లేదు. ఈ సంగతి తెలిసినప్పుడు సిగ్గు వేయాలి. అప్పుడు వేయలేదు. వేళ్లు నొప్పి పుట్టాయి, అంతే తెలిసింది. సాయంత్రానికి గ్రాఫు మీద తొమ్మిది వరుసలు తెల్లగా మిగిలాయి.

సోమవారం సెలవు పెట్టి ఆయనతో కార్ఖానాకు వెళ్లాను. అక్కడి డిజైన్ మాస్టరు గుజరాతీ యువకుడు. గ్రాఫు పరిచి చూసి, “యే నౌ లైన్ ఖాలీ క్యూఁ హై, కాకా?” అన్నాడు, ఈ తొమ్మిది వరుసలు ఎందుకు ఖాళీ అని. నేను ముందుకు వచ్చి తప్పు నాదేనని హిందీలో జరిగింది చెప్పాను. అతను నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. “మాస్టర్జీ, బచ్చోఁ కో సిఖాతే హో యా సిర్ఫ్ కాట్తే హో?” పిల్లలకు నేర్పుతావా, లేక కత్తిరించడమేనా అని. పక్కనున్నవాళ్లు నవ్వారు. గ్రాఫు పూర్తిచేసి గురువారం తెమ్మన్నాడు.

మంగళవారం ఏ సెక్షన్‌లో నిలబడి, నేను ఏం చేశానో పిల్లలకు చెప్పాను. సంచుల్లో అట్టలుంటే ఇమ్మన్నాను. మూడు వచ్చాయి. వాటిలో ఒకటి నోటుబుక్కు మీద అతికించి ఉంది, ఆవిరి పట్టి ఊడదీశాను. మిగతా ఆరు వరుసలు ఆయన ఊహించి నింపాడు. రెండింటి దగ్గర మాత్రం ఇప్పటికీ అనుమానమేనన్నాడు.

గురువారం ఆయన ఒక్కడే వెళ్లాడు. డిజైన్ నచ్చిందట. కానీ సోమవారం వచ్చిన ఇంకొకరిని బుధవారమే కూర్చోబెట్టారు. దీపావళి సెలవుల తర్వాత ఇంకో కుర్చీ ఖాళీ అవుతుంది, అప్పటికి కంప్యూటర్ మీద గీయడం వస్తే రమ్మన్నారు. ఈ మాట ఆయన నాకు ఫోన్‌లో చెప్పాడు. వెనక మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. ఆయన అరుస్తున్నాడు, నేనూ అరిచాను. అయినా నా మాట ఆయనకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. సోమవారం నిండు దండతో వెళ్లి ఉంటే, ఆ కుర్చీ ఎవరిదయ్యేదో నాకు తెలియదు. తెలియదనే మాట వెనక దాక్కోవడం నాకు అలవాటు. కాబట్టి రాస్తున్నాను, ఆయనదే అయ్యేది.

జాబితా చించి కొత్తది రాశాను. పోస్టర్లు రెండే ఉంచి గ్రాఫు కాగితాలు, చేతి మగ్గం చట్రాలు, నూలు అడిగాను. ఎందుకు మార్చానో కారణం రాసే చోట జరిగింది జరిగినట్టు రాశాను. “ఇవన్నీ రికార్డులో ఎందుకండీ, మీ ఉద్యోగానికే ఇబ్బంది,” అన్నారు హెడ్మేడమ్. ఉండనివ్వండి అన్నాను. ఆవిడ సంతకం పెట్టి పై ఆఫీసుకు పంపారు. ఏమవుతుందో ఇంకా తెలియదు.

డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్ నాకూ రాదు. రాత్రులు కూర్చుని వీడియోలు చూసి కొంత నేర్చుకున్నాను. నాలుగు ఆదివారాలుగా లాప్‌టాప్ పట్టుకుని డిండోలి వెళుతున్నాను. ఆయన పాళీ దిగి, స్నానం చేసి, నిద్ర ఆపుకుని కూర్చుంటాడు. తల్లి ఇంకా నాతో మాట్లాడదు, టీ మాత్రం పెడుతుంది. మౌస్ ఆయన చేతిలో జారిపోతుంది. “గిది ఎలుక గాదు సారూ, పందికొక్కు,” అంటాడు. మొన్న మొదటిసారి తన గునుగు కాడను తెరమీద తనే వంచాడు. ఎనిమిది గడులు తప్పాయి. వెనక్కి ఎలా చెరపాలో చూపించాను. మళ్లీ మొదలుపెట్టాడు.

దీపావళికి ఇంకా ఐదు ఆదివారాలున్నాయి.