కాటా మీద లాభం

ఇది ఒక మహాసంగ్రామం కథ. ఇందులో సింహాసనం ఉంది, నిండు కొలువు ఉంది, నిరాహారదీక్ష ఉంది, ఆఖరికి ధర్మం గెలవడం కూడా ఉంది. ఇలా మొదలుపెట్టి మీ చేత కళ్ళనీళ్ళు పెట్టించాలని నాకు ఎంతో ఉబలాటం. కానీ ఆ సింహాసనం చింతపండు బస్తాలు తూచే కాటా. ఆ నిరాహారదీక్ష రెండు పూటలది, ఇడ్లీలతో ముగిసింది. సంగ్రామం జరిగింది ఒకే ఒక్క కిలో గురించి.

మొన్న మా పిన్ని కూతురు కొత్తవలస నుంచి ఫోన్ చేసింది. దానికి చంకలో బిడ్డ. "అక్కా, పొద్దున్నే లేసి నడుస్తన్నాను. అన్నం తగ్గించీసాను, స్వీట్లు మానీసాను. కిలో పెరిగిపోనానే! నా ఒంట్లో ఏటున్నాదే?" అని ఏడుపు. నేను నవ్వాను. అది ఫోన్ పెట్టేసింది. నవ్వకుండా ఉండాల్సింది, కానీ ఆ కిలో నాకు బాగా తెలిసిన కిలో. ఏళ్ళ తర్వాత బస్సులో చిన్నప్పటి నేస్తం కనిపిస్తే వచ్చే నవ్వు అది. సరే, ఫోన్‌లో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తాను.

మా పుట్టిల్లు శృంగవరపుకోట. ముందు భాగం కొట్టు, వెనక భాగం ఇల్లు, మధ్యలో ఒక తలుపు; ఆ తలుపు మూసి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. కొండల మీంచి దిగే చింతపండు, పసుపు, చీపుర్లు నాన్న కొని పై ఊళ్ళకు పంపుతారు. అందుకే మా ఇంట్లో పాలగిన్నె దగ్గర్నుంచి పట్టుచీర దాకా అన్నిటికీ కాస్త పులుపు వాసన. ఆ కొట్టులో లెక్క ఒకటితో మొదలవదు. మొదటి బస్తా కాటా మీద పడగానే 'లాభం' అంటారు, ఆ తర్వాతే రెండు, మూడు. నన్ను బడిలో వేసిన రోజున వేళ్ళు లెక్కపెట్టమంటే నేను కూడా లాభంతోనే మొదలుపెట్టానట, టీచరు మా నాన్నను పిలిపించిందట, ఆయన వచ్చి లెక్క సరిగ్గానే ఉందన్నారట. చెప్పొచ్చేదేమిటంటే, తరాలుగా మా వాళ్ళకి కాటా మీద అంకె పెరిగితే సంతోషం, తగ్గితే దిగులు. తగ్గుదలకి మా దగ్గర ఉన్న పేరు తరుగు ఒక్కటే, అది కూడా ఎదుటివాడి సరుకులో ఉంటేనే అందం. అలాంటి ఇంట్లో కూర్చుని నేను బరువు తగ్గుదామనుకున్నాను.

కాన్పయ్యాక మొదటి మూడు నెలలూ నన్ను కూడా సరుకు నిలవ చేసినట్టే చేశారు. గాలి తగలకూడదు, తడి తగలకూడదు. చెవుల్లో దూది, నడుముకి గుడ్డ, కంచంలో వెల్లుల్లి కారం కలిపిన పాతబియ్యం అన్నం, దాని మీద పాపకి తలంటడానికి సరిపోయేంత నెయ్యి. ఈ ఏర్పాట్లన్నిటికీ పెద్దదిక్కు మా మేనత్త. నాన్నకి అక్క, ఉండేది ఎదురింట్లోనే. నాన్న ఆవిణ్ణి 'అప్పా' అని పిలుస్తారు, కొంచెం భయంగా. నాలుగో నెలలో విజయనగరంలో డాక్టరమ్మ చూసి, ఇంక నడవొచ్చు, తిండి మాత్రం మానకు, పిల్లకి పాలిస్తున్నావు అంది. నేను మొదటి ముక్క దగ్గరే వినడం ఆపేశాను.

మర్నాడే అరకు రోడ్డు పట్టుకున్నాను. ఇక్కడ అసలు సంగతి ఒప్పుకోవాలి. బరువు నాకు ఒక వంక, అంతే. నాకు కావలసింది ఆ అరగంట. కొండల మీద ఇంకా మంచు వీడదు, రోడ్డు పక్క హోటల్లో మొదటి టీ మరుగుతూ ఉంటుంది, లారీ డ్రైవరు ఎవరో చెంబుతో మొహం కడుక్కుంటూ ఉంటాడు. పాలు పడుతున్నాయా అని నన్నెవరూ అడగరు. నా చంకలో ఎవరూ ఉండరు. మొదటి రోజు ఆ రెండు చేతుల్నీ ఏం చేసుకోవాలో తెలియక, కవాతు చేసే పోలీసులా ఊపుకుంటూ నడిచాను. కానీ ఇంట్లో 'నాకు ఒక అరగంట కావాలి' అంటే ఎందుకని అడుగుతారు. 'బరువు తగ్గాలి' అంటే ఎందుకని అడగరు, ఎంత తగ్గావని అడుగుతారు. అక్కడే దొరికిపోయాను.

"బాలింత రోడ్డు మీద తిరగడమేటే? సలిగాలి తగిలితే గుంటకి పాలెక్కడివి?" అని అత్త గుమ్మంలోనే మొదలుపెట్టింది. అమ్మ మోకాళ్ళు రుద్దుకుంటూ రాజీ కుదిర్చింది. "వొదినా, సంతకీ సంతకీ కాటా ఎక్కిద్దుం. తగ్గతా ఉంటే నడుస్తాది, నేదంటే మానీస్తాది. నేనైనా పొద్దున్నే పిల్లనెత్తుకుని ఎన్నాళ్ళు తిరగ్గల్ను?" అలా నా అరగంట తీసుకెళ్ళి బస్తాల కాటా చేతిలో పెట్టారు. ఆ పూటే ఎక్కించి మొదటి అంకె రాసుకున్నారు.

మొదటి సంత రోజు కొట్టు తెరిచి కళాసీలు బస్తాలు దించుతుండగా కాటా ఎక్కాను. నాన్న కళ్ళజోడు సర్దుకుని చూశారు. నడక మొదలుపెట్టిన రోజు కంటే సరిగ్గా కిలో ఎక్కువ. అలవాటైన నోరు కదా, "లాభం!" అని గట్టిగా అనేశారు. వెనకనుంచి పెద్ద కళాసీ "రెండూ..." అని అందుకుంటూ ఇంకో బస్తా తెచ్చి నా పక్కన నిలబెట్టాడు. అత్త మాత్రం నవ్వలేదు. "సూసినావా? రోడ్డరిగిపోనాది గానీ ఇది అరగనేదు" అంది.

రెండో సంతకీ అదే అంకె. "ఇంకొక్క సంత సూస్తాను. ఆ తర్వాత నావల్ల కాదే" అంది అమ్మ, పాపను భుజం మార్చుకుంటూ. ఆ మాటలో కోపం లేదు, అలసట ఉంది. కోపమైతే ఏదో ఒక జోకు వేసి తప్పించుకునేదాన్ని. భయం పట్టుకుంది. మూడో సంత ముందు రోజు రెండు పూటలు అన్నం మానేసి, గ్లాసుడు చోడంబలి, అదే రాగిజావ, తాగి పడుకున్నాను. పొద్దున కాటా ఎక్కితే కిలోకి పైగా దిగింది. "తరుగు" అన్నారు నాన్న, ఇంట్లో ఎవరో పోయినట్టు. "ఇప్పుడు దారికొచ్చినాది" అంది అత్త. కాటా దిగగానే కళ్ళు తిరిగి చింతపండు బస్తా మీద కూలబడ్డాను. అమ్మ పరుగున వచ్చి ఇడ్లీలు పెట్టింది, మధ్యాహ్నం దగ్గర కూర్చుని అన్నం తినిపించింది. సాయంత్రం ఎవరూ చూడకుండా మళ్ళీ కాటా ఎక్కాను. వెళ్ళిన కిలో బుద్ధిగా తిరిగి వచ్చి కూర్చుంది. ఒక్క రోజులో కిలో కొవ్వు పట్టాలంటే నేను ఇడ్లీలు కాదు, ఇడ్లీ పాత్ర మింగి ఉండాలి. మరి వెళ్ళిందేమిటి, వచ్చిందేమిటి? ఏడవడం పక్కన పెట్టి మొదటిసారి అది ఆలోచించాను.

ఆ వారంలోనే పాపకి టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మను అడిగాను. ఆవిడ నవ్వలేదు, నాకంటే మంచి మనిషి. కొత్తగా కష్టపడుతున్న కండరాలు మరమ్మతు కోసం నీళ్ళు పట్టి ఉంచుకుంటాయంది. ఉప్పు ఎక్కువైనా, నిద్ర చాలకపోయినా, నెలసరి మళ్ళీ మొదలవబోతున్నా ఒంట్లో నీరు నిలుస్తుందంది. ఒక రోజుకీ ఇంకో రోజుకీ కిలో అటూ ఇటూ ఊగడం మామూలేననీ, తిండి మానితే ముందు దిగేది కూడా చాలావరకు ఆ నీళ్ళేననీ, కొవ్వు వారాల మీద నిదానంగా కరుగుతుందనీ చెప్పింది. అన్నం తినమ్మా, అని మాత్రం రెండుసార్లు చెప్పింది.

నమ్మాను. అయినా డిగ్రీలో ఫిజిక్సు చదివి, అది ఎందుకూ పనికిరాక అలా పడి ఉంది. కొట్టులో బేరం లేనప్పుడల్లా కాటా ఎక్కడం మొదలుపెట్టాను. చెంబుడు నీళ్ళు తాగితే చెంబుడు నీళ్ళంత పెరిగాను. పాపకి పాలిచ్చి ఎక్కితే నేను కాస్త తగ్గాను, పాప ఆ మేరకు పెరిగింది; ఇంటి మొత్తం సరుకులో తేడా రాలేదు. ఆవకాయన్నం తిన్న మర్నాడు ఒక లెక్క, చప్పటి కూర తిన్న మర్నాడు ఇంకో లెక్క. తడిజుట్టుతో ఎక్కినా కాటా పట్టేసింది. తేలిందేమిటంటే నాకంటూ ఒక బరువు లేదు. గుళ్ళో దేవుడికి పూటకో అలంకారం ఉన్నట్టు నాకు పూటకో అంకె ఉంది. ఇన్నాళ్ళూ వాటిలో ఏదో ఒకదాన్ని పట్టుకుని నాకు శిక్ష వేస్తున్నారు.

ఆ తరుగు పుణ్యమా అని దొరికిన ఆఖరి సంత వచ్చింది. అంకె మళ్ళీ మొదటి సంత అంకె దగ్గరికే చేరింది. నేను డాక్టరమ్మ చెప్పిందంతా అప్పజెప్పాను. "నడిస్తే ఒళ్ళు నీళ్ళు పట్టడమేటే? నీది ఒళ్ళా, నుయ్యా?" అంది అత్త. అమ్మ పాప గుడ్డలు మడతపెడుతోంది. రేపటి నుంచి ఆ రోడ్డు ఉండదు.

"అత్తా, నువ్వు నడుస్తన్నావా?" అన్నాను.

"నాకేటి కర్మ?"

"డైటింగేటైనా సేస్తన్నావా?"

"ఒసే గుంటా, నన్ను సూస్తే నీకలాగ ఉన్నాదా?"

"అయితే నీ బరువు మారకూడదు కదా. ఓపాలి ఎక్కు."

పంతానికి ఎక్కింది, పరగడుపునే. నాన్న ఆ అంకెను సుద్దతో గోడ మీద వేశారు. ఆ రోజు మా ఇంట్లోనే పనసపొట్టు కూర, పప్పు, ఆవడలు. అత్త ఏ దానికీ అన్యాయం చెయ్యలేదు. సాయంత్రం కొట్టు సర్దే వేళకి మళ్ళీ ఎక్కమన్నాను. నాన్న అంకె చూశారు, గోడ చూశారు, మళ్ళీ అంకె చూశారు. కిలో దాటింది. ఇంత చిన్నగొంతుతో "లాభం" అన్నారు.

"కాటా పాడైపోనాదిరా!" అంది అత్త.

మోస్తున్న బస్తాలు మోస్తున్నట్టే కళాసీలు ఆగిపోయారు. మా వంశంలో ఎవరి నడవడినైనా అనుమానించొచ్చు, కాటాని అనుమానించకూడదు. నాన్న లేచి నిలబడ్డారు. వాళ్ళక్క ముందు ఆయన అలా నిలబడడం నేను చూసింది అదే మొదలు.

"అప్పా, నన్నేటన్నా పడతాను. కాటానంటే పడను. వానాకాలం సింతపండు బస్తా రేత్రికి రేత్రి బరువెక్కతాది. పండు పెరిగినాదేటి? తేమ లాగినాది. నువ్వూ అంతే, నీ మేనకోడలూ అంతే. తేమ సూసి సరుకు పోనాదంటే యాపారం సేసినట్టేనా?"

ఇంత ఫిజిక్సూ, అంత వైద్యమూ చెయ్యలేని పని కాటా పరువు చేసింది. అత్త మెల్లగా దిగి, "ఆవడలో ఉప్పెక్కువ ఏసినావు" అని అమ్మ మీదికి మళ్ళింది. అమ్మ చేతిలో గుడ్డలు పక్కన పెట్టి నా వైపు చూసింది.

"ఈ తేమలూ తరుగులూ నాకు తెల్దు. ఇది నడిసొచ్చిన పూట నన్ను కసరట్లేదు. నాకది సాలు. నడవనీ." గుడ్డలు మళ్ళీ అందుకుంటూ, "మళ్ళీ అన్నం మానీసినావంటే మాత్రం కాళ్ళిరగ్గొడతాను. అప్పుడెలాగ నడుస్తావో సూస్తాను" అంది.

ఇంట్లో అందరం కాటా వైపు చూస్తుంటే ఆవిడ ఇన్నాళ్ళూ నన్ను చూస్తోందన్నమాట. ఏదో ఒక జోకు వెయ్యాలనిపించింది. బదులుగా పక్కన కూర్చుని మిగిలిన గుడ్డలు మడతపెట్టాను.

ఆ తర్వాత నన్ను కాటా ఎక్కమన్నవాళ్ళు లేరు. ఆ కిలో ఏ సంతకి, ఎవరితో చెప్పి వెళ్ళిపోయిందో నాకు తెలియదు. దాని వెనక ఇంకొన్ని కూడా తొందరేమీ లేకుండా, ఒక్కోసారి తిరిగి వచ్చి పలకరిస్తూ, వెళ్ళాయి. అత్తవారింటికి బయల్దేరే వేళకి పాత జాకెట్లు పట్టాయి, కొన్ని.

కాలం తీసుకున్నవన్నీ నెమ్మదిగా తిరిగి ఇచ్చేస్తుందని ఆ రోజుల్లో అందరూ ఓదార్చేవారు. చాలావరకు నిజమే. నిద్రను వాయిదాల మీద ఇచ్చింది, రాలిన జుట్టులో సగం ఇచ్చింది, నడుమును కూడా నేను గుర్తుపట్టగలిగేంత ఇచ్చింది. కాకపోతే కాలం ఇచ్చేటప్పుడు పాత కొలతలు చూసుకోదు. కాన్పుకి ముందు నా పాదం ఆరో నంబరు. ఇప్పుడు చెప్పులు ఏడు అడగాలి.